పొలిమేర గీసే పని: రాజకీయ భూగోళశాస్త్రంలో సెషన్ ప్రతిపాదన
(స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)

1. సెషన్ అంటే ఏమిటి

విద్యాసదస్సులో సెషన్ అంటే ఒకే ప్రశ్న చుట్టూ కూర్చిన కొన్ని పత్రాల సముదాయం. గంటన్నర అటూ ఇటూ సమయం, ఒక గది, నలుగురైదుగురు వక్తలు, ఒక అధ్యక్షుడు, వీలైతే పత్రాలన్నీ ముందే చదివి వచ్చి మాట్లాడే చర్చాకర్త: ఇదీ దాని సరంజామా. అమెరికా భూగోళశాస్త్రవేత్తల సంఘం (ఏఏజీ) వార్షిక సమావేశాల్లో చాలా ఏళ్లపాటు సెషన్ నిడివి 100 నిమిషాలు. పత్రానికి 20 నిమిషాల చొప్పున ఐదు పత్రాలు పట్టేవి. ప్రశ్నలకు, జవాబులకు కూడా ఆ 20 నిమిషాల్లోనే చోటు చూసుకోవాలి. పత్రం సారాంశం 250 పదాలు దాటకూడదు. సదస్సును బట్టి ఈ కొలతలు మారతాయి కానీ, ఎక్కడైనా ఇరుకు ఇరుకే.

సదస్సులో చోటు దొరకడానికి రెండు దారులున్నాయి. మొదటిది, ఎవరి సారాంశం వారు విడిగా పంపుకోవడం. వచ్చినవాటిని కార్యక్రమ సంఘం తనకు తోచినట్టు జతపరుస్తుంది. అలా ఏర్పడిన సెషన్‌లో పత్రాలు బస్టాండు బెంచీ మీద ప్రయాణికుల్లా ఉంటాయి. కూర్చున్నది పక్కపక్కనే, వెళ్లే ఊళ్లు వేరు. రెండోది, ఎవరో ఒకరు పూనుకుని ప్రశ్నను ముందే ప్రకటించి, దానికి తగిన పత్రాలను పిలిచి, మొత్తాన్ని ఒక కట్టగా సదస్సు ముందు పెట్టడం. ప్రతిపాదిత సెషన్ అంటే ఇదే. పత్రాల వరుసతో పాటు ఇందులో వేరే రూపాలూ ఉన్నాయి: పత్రాలు లేకుండా చర్చ మాత్రమే జరిగే ప్యానెల్, కొత్త పుస్తకం రచయితను విమర్శకుల ఎదుట కూర్చోబెట్టే ముఖాముఖి, పోస్టర్ల ప్రదర్శన.

ఏ శాస్త్రంలోనైనా ఈ పని ఉన్నదే. రాజకీయ భూగోళశాస్త్రంలో మాత్రం దానికి అదనపు అర్థం ఉంది. నేల మీద గీతలు ఎవరు గీస్తారు, ఆ గీత ఎవరిని లోపల ఉంచి ఎవరిని బయట పెడుతుంది అన్నదే ఈ శాస్త్రానికి మూలవిషయం. సెషన్ ప్రతిపాదన కూడా అటువంటి గీతే. కొన్ని పత్రాలు లోపలికి వస్తాయి, కొన్ని ఆగిపోతాయి. కొందరికి మాట్లాడే చోటు దొరుకుతుంది, కొందరికి దొరకదు. ఇతరుల గీతలను ప్రశ్నించే శాస్త్రం తన గీతను కూడా అదే శ్రద్ధతో గీయాలి.

2. సదస్సుల్లో ఈ శాఖ నడిచిన దారి

అంతర్జాతీయ భూగోళ మహాసభ మొదటిసారి 1871లో బెల్జియంలోని యాంట్‌వెర్ప్‌లో జరిగింది. 1891లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో కూడినప్పుడు జర్మన్ భూగోళశాస్త్రవేత్త ఆల్‌బ్రెఖ్ట్ పెంక్ ఒక ప్రతిపాదన పెట్టారు. ప్రపంచం మొత్తానికీ ఒకే కొలతలో, పది లక్షలకు ఒకటి వంతున, ఒకే రకం గుర్తులతో పటం తయారు చేయాలన్నది దాని సారం. వినడానికి అది పూర్తిగా సాంకేతిక వ్యవహారం. తీరా పనిలోకి దిగాక రేఖాంశాలను ఏ నగరం నుంచి లెక్కించాలి, ఎత్తులు మీటర్లలో చూపాలా అడుగుల్లో చూపాలా అన్న తగాదాలు లేచాయి. 1909లో లండన్‌లో జరిగిన సమావేశం గ్రీనిచ్‌నూ మీటరునూ కలిపి రాజీ కుదిర్చింది. 1953లో ఈ పని ఐక్యరాజ్యసమితి చేతికి వెళ్లింది. ప్రపంచమంతా పూర్తికాకుండానే 1980ల్లో ఆగిపోయింది. సదస్సులో కొద్ది నిమిషాల్లో వినిపించిన ప్రతిపాదన తొంభై ఏళ్లపాటు ప్రభుత్వాల చేత పని చేయించింది. కొలతల వెనుక రాజ్యాల పట్టుదలలు ఎలా ఉంటాయో కూడా బయటపెట్టింది.

రాజకీయ భూగోళశాస్త్రానికి ఆ పేరుతో మొదటి పెద్ద గ్రంథం 1897లో ఫ్రీడ్రిష్ రాట్జెల్ రాసినది. రెండేళ్లకు స్వీడన్ పండితుడు రుడాల్ఫ్ షెలెన్ ‘జియోపాలిటిక్స్’ అన్న మాటను వాడుకలోకి తెచ్చారు. 1904 జనవరి 25న లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలో హాల్‌ఫోర్డ్ మాకిండర్ ఒక పత్రం చదివారు. సముద్రశక్తికి అందని యురేషియా లోపలి భూభాగమే చరిత్రకు ఇరుసు అని, రైలుమార్గాలు ఆ ఇరుసుకు కొత్త బలం ఇస్తాయని ఆయన వాదన.

ఆ సాయంత్రం పత్రం ఎంత ముఖ్యమో దాని మీద జరిగిన చర్చా అంతే ముఖ్యం. స్పెన్సర్ విల్కిన్‌సన్ సభలోని ఖాళీ కుర్చీలను చూపించి, మంత్రివర్గ సభ్యులు వచ్చి వాటిలో కూర్చుని ఉండాల్సిందని విచారించారు. లియో ఏమరీ లేచి, సముద్రానికీ రైలుకూ తోడు మున్ముందు గాలిలో ప్రయాణం కూడా వస్తుందని, అప్పుడు ఈ భౌగోళిక విభజనకు ఇంత ప్రాముఖ్యం ఉండదని అన్నారు. రైట్ సోదరుల మొదటి విమానం ఎగిరి అప్పటికి ఆరు వారాలు కూడా కాలేదు. పత్రం చదివిన వ్యక్తికి తట్టనిది వినేవారిలో ఒకరికి తట్టింది. చర్చకు సమయం మిగల్చని సెషన్ ఏం పోగొట్టుకుంటుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

రెండు ప్రపంచయుద్ధాల మధ్య ఈ శాఖకు మచ్చ పడింది. కార్ల్ హౌస్‌హోఫర్ బృందం 1924 నుంచి నడిపిన జర్మన్ పత్రిక జియోపాలిటిక్స్‌ను దేశవిస్తరణ వాదానికి వాడుకుంది. 1945 తర్వాత చాలా విశ్వవిద్యాలయాలు ఆ మాట పలకడానికే జంకాయి. 1950లో రిచర్డ్ హార్ట్‌షోర్న్ రాజ్యాన్ని కలిపి ఉంచే శక్తులు, విడదీసే శక్తులు అన్న చట్రంతో శాఖను మళ్లీ నిలబెట్టే ప్రయత్నం చేశారు. అయినా 1969లో బ్రయాన్ బెర్రీ దీన్ని కదలిక లేని మడుగుతో పోల్చారు. 1976లో ఫ్రాన్స్‌లో ఈవ్ లకోస్త్, భూగోళశాస్త్రం మొదటినుంచీ యుద్ధానికి పనికొచ్చిన విద్య అని నిలదీసే పుస్తకం రాసి ‘ఎరొదోత్’ పత్రిక ప్రారంభించారు. 1982లో పీటర్ టేలర్ సంపాదకత్వంలో రాజకీయ భూగోళానికి ప్రత్యేకమైన ఇంగ్లిష్ త్రైమాసిక పత్రిక మొదలైంది. 1994లో జాన్ ఆగ్న్యూ ‘భూభాగపు ఉచ్చు’ గురించి హెచ్చరించారు. రాజ్యానికి స్థిరమైన హద్దు ఉంటుందని, లోపలి వ్యవహారం బయటి వ్యవహారం వేర్వేరని, సమాజం ఆ హద్దు లోపలే ఇముడుతుందని అనుకోవడం పొరపాటని చెప్పారు. 1990ల నుంచి విమర్శనాత్మక జియోపాలిటిక్స్, 2000 తర్వాత స్త్రీవాద జియోపాలిటిక్స్ సెషన్ల జాబితాలను మార్చేశాయి. యుద్ధపటాల పక్కన శరణార్థి శిబిరంలోని వంటగది కూడా చర్చకు వచ్చింది.

3. నాలుగు దశలు

సరిహద్దులు గీసే అధికారులకు పనికొచ్చేలా స్టీఫెన్ జోన్స్ 1945లో ఒక కరదీపిక రాశారు. సరిహద్దు ఏర్పాటును ఆయన దశలుగా విడదీశారు. మొదట భూభాగం ఎవరికి చెందాలో స్థూలంగా తేల్చే పంపకం. తర్వాత ఆ నిర్ణయాన్ని మాటల్లో, పటంలో ఖచ్చితంగా రాసే నిర్వచనం. ఆ పైన నేల మీద హద్దురాళ్లు పాతడం. చివరికి గీతను ఏళ్ల తరబడి కాపాడే నిర్వహణ. పొలం పంచుకున్న అన్నదమ్ములకు ఈ క్రమం కొత్త కాదు. పెద్దమనుషుల మాట, కాగితం మీద రాత, సర్వే రాయి, ఏటేటా గట్టు వేసుకోవడం. సెషన్ ప్రతిపాదనకు కూడా ఇదే క్రమం సరిగ్గా నప్పుతుంది.

*పంపకం: ప్రశ్నను ఎంచుకోవడం.* రాజకీయ భూగోళశాస్త్రంలో వాడుకలో ఉన్న పెద్ద ఖండాలు కొన్ని ఉన్నాయి: రాజ్యం, భూభాగం, సరిహద్దులు, ఎన్నికల భూగోళం, జాతీయత, పౌరసత్వం, వలస, నీరు, అడవి, ఖనిజాల రాజకీయం, నగరపాలన, జియోపాలిటిక్స్. ఇవన్నీ విషయాలు. వీటిలో ప్రశ్న ఇంకా పుట్టలేదు. ‘సరిహద్దులు: నేటి సవాళ్లు’ అన్న శీర్షిక కింద ఏ పత్రమైనా ఇముడుతుంది కాబట్టి ఏ పత్రమూ ఇంకో పత్రంతో మాట్లాడదు. మంచి ప్రశ్నకు గుర్తు ఏమిటంటే, దానికి కనీసం రెండు భిన్నమైన జవాబులు ఊహించగలగాలి. ఆ జవాబుల మధ్య తేడా ఎందుకొచ్చిందో చర్చించగలగాలి.

*నిర్వచనం: ప్రతిపాదన పాఠం.* శీర్షిక, నాలుగైదు వాక్యాల్లో సమస్య, ఇంతవరకు జరిగిన పనిలో కనిపించే లోటు, ఒకటి రెండు సూటి ప్రశ్నలు, ఏ రకం ఆధారాలున్న పత్రాలు కావాలో, పరిధిలోకి రానిదేమిటో, గడువు తేదీ. ఇంతకు మించి అక్కర్లేదు. కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు పాఠంలో సగానికి పైగా సిద్ధాంతకర్తల పేర్లతో నింపడం. పత్రం పంపాలా వద్దా అని ఆలోచించే పరిశోధకురాలికి ఆ పేర్ల వల్ల ఒరిగేదేమీ లేదు. తన పని ఈ ప్రశ్నకు జవాబవుతుందా లేదా అన్నదే ఆమెకు కావాలి.

*రాళ్లు పాతడం: పత్రాల ఎంపిక.* పిలుపు పంపాక వచ్చే సారాంశాలు ఎప్పుడూ అనుకున్నట్టు ఉండవు. కొన్ని పరిధికి అటు, కొన్ని ఇటు, కొన్ని సరిగ్గా గట్టు మీద. గట్టు మీదివాటి విషయంలోనే నిర్వాహకుల తెలివి తెలుస్తుంది. బలమైన పత్రమని పరిధి దాటించి తెచ్చుకుంటే మిగతా నాలుగూ చెదిరిపోతాయి. తెలిసినవారి పత్రమని తెచ్చుకుంటే సెషన్ విలువే పోతుంది. పంపినవారికి తిరస్కారం చెప్పేటప్పుడు కారణం ఒక్క వాక్యంలోనైనా రాయడం మర్యాద. పత్రం మంచిదే కానీ ప్రశ్నకు బయట ఉందని చెప్పగలిగితే ఆ పరిశోధకుడు దానికి తగిన ఇంకో సెషన్ వెతుక్కుంటాడు.

*నిర్వహణ: అధ్యక్షుడు, చర్చాకర్త, సమయం.* సదస్సు రోజున గీత నిలబడేది అధ్యక్షుడి చేతి గడియారం మీద. మొదటి వక్త తీసుకున్న అదనపు ఐదు నిమిషాలు చివరి వక్త ఖాతాలోంచే పోతాయి. చివరి వక్త చాలాసార్లు అందరికంటే చిన్న పరిశోధకుడే అవుతాడు. చర్చాకర్తకు పత్రాలు కనీసం రెండు వారాల ముందు చేరాలి. అందని పత్రం గురించి ఆయన మాట్లాడేది మర్యాదవాక్యాలే. రద్దయ్యే పత్రాలను కూడా ముందే లెక్కలో పెట్టుకోవాలి. ఐదుగురు ఒప్పుకుంటే నలుగురే రావడం సదస్సుల్లో మామూలు.

4. ఒక నమూనా ప్రతిపాదన

పైన చెప్పినది ఒక ఉదాహరణలో చూస్తే స్పష్టమవుతుంది. కింది పాఠం అటువంటి పిలుపుకు నమూనా.

*నీళ్లు, నేల, భాష: ఒకే దేశం లోపల కదిలే హద్దులు.* దేశాల మధ్య సరిహద్దుల మీద పరిశోధన విస్తారంగా ఉంది. ఒకే దేశంలో రాష్ట్రాల మధ్య ఉన్న గీతలను పాలనా సౌకర్యం కోసం వేసినవిగా చూసి వదిలేయడం పరిపాటి. ఆ గీత కదిలినప్పుడు ఓటు, రేషన్ కార్డు, బడిలో బోధన భాష, ముంపు పరిహారం అన్నీ చేతులు మారతాయి. గీతను కదిలించే అధికారం ఎవరిది, ఏ ఆధారంతో కదిలిస్తారు? కదిలిన గీతతో అక్కడివారు ఎలా బతుకుతారు? క్షేత్ర పరిశీలన, దస్తావేజులు, పటాల ఆధారంగా ఈ రెండు ప్రశ్నలకు జవాబిచ్చే పత్రాలకు ఆహ్వానం. ఏ దేశం గురించైనా రాయవచ్చు. దేశాల మధ్య సరిహద్దులకే పరిమితమైన పత్రాలు పరిధిలోకి రావు.

ఇందులో ‘కదిలే’ అన్న మాట మీదే బరువంతా ఉంది. అది సెషన్‌కు మొదటి హద్దురాయి. రెండు ప్రశ్నల్లో ఒకటి అధికారాన్ని, రెండోది జీవితాన్ని పట్టుకుంటుంది. కాబట్టి దస్తావేజుల మీద పనిచేసేవారూ ఊళ్లలో తిరిగి పనిచేసేవారూ ఒకే గదిలోకి వస్తారు. ఇటువంటి సెషన్‌కు తెలుగు నేలే మూడు బలమైన సందర్భాలు ఇస్తుంది.

మొదటిది తిరుత్తణి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక మద్రాసుతో హద్దు తగాదా మిగిలింది. మధ్యవర్తిగా వచ్చిన హెచ్.వి. పటాస్కర్ గ్రామాన్ని ప్రమాణంగా తీసుకుని, భాషా సంఖ్యాబలం, భౌగోళికంగా ఆనుకుని ఉండడం అన్న కొలబద్దలతో హద్దు సూచించారు. 1959లో పార్లమెంటు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1 నుంచి చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం మద్రాసు రాష్ట్రానికి, చెంగల్పట్టు, సేలం జిల్లాల్లోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. పత్రం ఇక్కడ అడగదగ్గ ప్రశ్న ఒకటుంది: ప్రమాణం గ్రామం కాకుండా తాలూకా అయి ఉంటే గీత ఎక్కడ పడేది? ఇంట్లో ఒక భాష, సంతలో ఒక భాష మాట్లాడే కుటుంబాన్ని జనాభా లెక్క ఏ గడిలో వేసింది?

రెండోది భద్రాచలం. 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతాన్ని అప్పుడు ఖమ్మం జిల్లాలో కలిపారు. రెండూ ఒకే రాష్ట్రంలోని జిల్లాలు కాబట్టి ఆ మార్పుకు అప్పట్లో అంత బరువు లేదు. 2014లో రాష్ట్రం రెండుగా విడిపోయాక అదే జిల్లా గీత రాష్ట్ర గీత అయింది. గోదావరి మీది పోలవరం ప్రాజెక్టు ముంపు ప్రాంతం ఒకే రాష్ట్రంలో ఉండాలన్న కారణంతో ఆ ఏడాదే పునర్విభజన చట్టాన్ని సవరించి ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను, కొన్నిటిని పూర్తిగా కొన్నిటిని పాక్షికంగా, ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు అవతలికి వెళ్లాయి. రామాలయానికి చెందిన భూములు పురుషోత్తపట్నంలో ఉన్నాయి. గుడి ఒక రాష్ట్రంలో, గుడి మాన్యం ఇంకో రాష్ట్రంలో. పట్టణం పెరగడానికి చోటు కావాలన్నా, మాన్యం మీద ఆక్రమణ తొలగించాలన్నా పొరుగు ప్రభుత్వంతో పని పడుతుంది. పాలనా గీత ఎంత నిశ్శబ్దంగా రాజకీయ గీతగా మారుతుందో చూపడానికి ఇంతకంటే మంచి చోటు దొరకడం కష్టం.

మూడోది కొటియా. ఆంధ్రప్రదేశ్‌లోని సాలూరుకూ ఒడిశాలోని కొరాపుట్ జిల్లా పొట్టంగికీ మధ్య కొండల్లో ఉన్న 21 గ్రామాలను రెండు రాష్ట్రాలూ తమవంటున్నాయి. 1968లో ఒడిశా సుప్రీంకోర్టులో దావా వేసింది. ఆ ఏడాది డిసెంబరులో యథాతథ స్థితి కొనసాగించాలన్న ఉత్తర్వు వచ్చింది. 2006లో దావా విచారణకు నిలవదని కోర్టు కొట్టివేసింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ మూడు గ్రామాల్లో పంచాయతీ ఎన్నికలు జరపడంతో ఒడిశా మళ్లీ కోర్టుకు వెళ్లింది. ఈలోగా అక్కడి గిరిజన కుటుంబాల్లో చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు ఉన్నాయి. దశాబ్దాలపాటు దారీ బడీ ఆసుపత్రీ అంతంతమాత్రంగా ఉన్న చోట, తగాదా ముదిరినకొద్దీ రెండు వైపుల నుంచీ పథకాలు రావడం మొదలైంది. గీత తేలకపోవడమే వారికి బేరమాడే బలం ఇచ్చిందా అన్నది పత్రానికి పదునైన ప్రశ్న.

ఈ మూడింటితోనే ఆగితే సెషన్ ప్రాంతీయ చరిత్ర సభ అవుతుంది. పోలిక కోసం బయటి ఉదాహరణలు కావాలి. స్విట్జర్లాండ్‌లో బెర్న్ కాంటన్ నుంచి విడిపోయి 1979లో జురా కాంటన్ ఏర్పడింది. బెర్న్‌లోనే ఉండిపోయిన మూతియే పట్టణం 2021లో ఓటు వేసి జురాలో చేరాలని నిర్ణయించుకుంది. 2026 జనవరి 1న మారింది. అక్కడ పట్టణం తానే ఓటుతో గీతను జరిపింది. భారత రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం పార్లమెంటుది. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం చెప్పగలదు కానీ ఆపలేదు. నైజీరియాలో 1963 నాటికి నాలుగు ప్రాంతాలుండేవి. సైనిక పాలకుల ఉత్తర్వులతో అవి 1967లో 12 రాష్ట్రాలు, 1976లో 19, 1987లో 21, 1991లో 30, 1996లో 36 అయ్యాయి. ఓటు, చట్టం, సైనిక ఉత్తర్వు: గీతను కదిలించే మూడు చేతులు ఒకే గదిలో ఎదురెదురుగా నిలిచినప్పుడు ‘అధికారం ఎవరిది’ అన్న ప్రశ్నకు నిజమైన చర్చ దొరుకుతుంది.

యానాం పత్రం వస్తే ఏం చేయాలి? గోదావరి డెల్టా మధ్యలో 30 చదరపు కిలోమీటర్ల పుదుచ్చేరి భూభాగం అది. అక్కడ ఫ్రెంచ్ పాలన 1954లో ఆచరణలో ముగిసింది, 1962లో ఆ భూభాగం చట్టరీత్యా భారత్‌లో విలీనమైంది. చుట్టూ ఆంధ్రప్రదేశ్ హద్దే. ఆకర్షణ ఉన్న ఉదాహరణే. అయితే చుట్టూ ఎన్ని రాష్ట్రాలు మారినా అక్కడి గీత మాత్రం కదలలేదు. ‘కదిలే హద్దులు’ అన్న ప్రశ్నకు అది బయటిది. కదలని హద్దుల మీద ఇంకో సెషన్ పెడితే మొదటి పత్రం అదే కావాలి. మంచి పత్రాన్ని బయట ఉంచగల ప్రశ్నే ఉపయోగపడే ప్రశ్న.

5. సదస్సు జరిగే చోటు

సదస్సు ఎక్కడ జరుగుతుందన్నది కూడా రాజకీయ భూగోళమే. 1922లో బ్రస్సెల్స్‌లో అంతర్జాతీయ భూగోళ సమాఖ్య ఏర్పడినప్పుడు మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మనీకి అందులో చోటు ఇవ్వలేదు. రాజకీయ భూగోళశాస్త్రంలో మొదటి పెద్ద గ్రంథం వెలువడిన దేశంలోని పండితులు ఆ తర్వాతి మహాసభల గడప బయటే ఉండిపోయారు. ఆసియాలో మొదటి మహాసభ 1968లో న్యూఢిల్లీలో జరిగింది. అది వరుసలో 21వది, అప్పటి సమాఖ్య అధ్యక్షుడు శివప్రసాద్ చటర్జీ. 1871 నుంచి లెక్కిస్తే ఆసియాకు రావడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

2017 జనవరిలో అమెరికా ప్రభుత్వం ఏడు దేశాల పౌరుల ప్రవేశాన్ని నిలిపివేసింది. ఏఏజీ వార్షిక సమావేశం ఏప్రిల్‌లో బోస్టన్‌లో జరగాల్సి ఉంది. వలస, సరిహద్దుల మీద సెషన్లు పెట్టుకున్న సభకు ఆ సరిహద్దే అడ్డమొచ్చింది. 2024లో అదే సంఘం హవాయి దీవుల్లోని హోనొలులులో కలిసింది. 1893లో రాణిని గద్దె దింపి, 1898లో అమెరికా కలుపుకున్న దీవుల మీద కూర్చుని భూభాగం గురించి మాట్లాడేవారు ఆ సంగతిని పక్కన పెట్టలేరు.

ప్రతిపాదన రాసేవారి చేతిలో వీసా నిబంధన మార్చే శక్తి లేదు. కొన్ని చిన్న పనులు మాత్రం ఉన్నాయి. రాలేనివారికి ఆన్‌లైన్‌లో మాట్లాడే ఏర్పాటు ఉందో లేదో పిలుపులోనే చెప్పాలి. వీసాకు నెలలు పడతాయి కాబట్టి అంగీకార పత్రం వీలైనంత తొందరగా పంపాలి. నమోదు రుసుము ఎవరికి తగ్గుతుందో రాయాలి. ఇంగ్లిష్‌లో తడబడే వక్తను చివర్లో కాకుండా సమయం దండిగా ఉండే మొదటి స్థానంలో ఉంచాలి. కొటియా గురించి మాట్లాడడానికి అక్కడ ఏళ్ల తరబడి తిరిగిన స్థానిక పరిశోధకుడు రాలేక, విమానం టికెట్టు ఉన్న వేరొకరు మాట్లాడితే సెషన్ గీసిన గీత నిశ్శబ్దంగా జరిగినట్టే.

6. పటం, చట్టం, జాగ్రత్త

ఈ శాఖలో పత్రానికి పటం ఆభరణం మాత్రమే అనుకోకూడదు. అది ఒక వాదన. 1904లో మాకిండర్ చూపిన పటంలోనే యురేషియా నట్టనడుమ నిలిచి, అమెరికా ఖండాలు అంచులకు వెళ్లాయి. సెషన్‌లో చూపే ప్రతి పటానికీ ప్రక్షేపం, కొలత, ఆధారం, తేదీ ఉండాలని ప్రతిపాదనలోనే రాయడం మంచిది.

భారత్‌లో జరిగే సదస్సులకు చట్టపు కోణం కూడా ఉంది. 1961 నాటి క్రిమినల్ చట్ట సవరణ చట్టం కింద సర్వే ఆఫ్ ఇండియా పటాలకు భిన్నంగా దేశపటం ప్రచురించడం నేరం. ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా పడవచ్చు. విదేశీ వక్తలకు చాలామందికి ఈ సంగతి తెలియదు. వారి స్లైడ్లలోని పటాలను ముందే తెప్పించుకుని చూడడం నిర్వాహకుల బాధ్యత. 2021 జనవరిలో కేంద్ర విద్యాశాఖ, దేశ భద్రత, సరిహద్దులు, జమ్మూ కాశ్మీర్, ఈశాన్య రాష్ట్రాల వంటి అంశాలపై ఆన్‌లైన్ అంతర్జాతీయ సదస్సులకు ముందస్తు అనుమతి ఉండాలని ఆదేశమిచ్చింది. విద్యావేత్తల నుంచి అభ్యంతరాలు రావడంతో ఫిబ్రవరిలో వెనక్కి తీసుకున్నారు. ఆదేశం పోయినా అది చూపిన విషయం మిగిలింది. సరిహద్దు మీద సెషన్ శీర్షికను సదస్సు సంఘంతో పాటు ప్రభుత్వమూ చదువుతుంది. శీర్షికలో ఒక్కో మాటనూ తూచి వాడాలి.

మూడో జాగ్రత్త మనుషుల గురించి. తగాదాలో ఉన్న ఊళ్లో రెండు కార్డులు చూపించిన వ్యక్తి పేరు, ఇంటి పేరు, వీధి పత్రంలో వస్తే ఆ పత్రమే రేపు ఏదో ఒక కార్యాలయంలో సాక్ష్యం కావచ్చు. పత్రాలు ఎంపిక చేసేటప్పుడే ఈ ప్రశ్న అడగాలి. పటం మీద ఊరిని ఎంత దగ్గరగా చూపవచ్చు అన్నది కూడా ఇందులో భాగమే.

7. సెషన్ ముగిశాక

గది ఖాళీ అయ్యాక మిగిలే పనులు మూడు. ఒకటి, చర్చలో లేచిన ప్రశ్నలను, ఎవరి పత్రానికి ఏది తగిలిందో, ఒకటి రెండు పేజీల్లో రాసి వక్తలందరికీ పంపడం. ఏమరీ మాట ఈనాటికి తెలుస్తున్నది, మాకిండర్ పత్రంతో పాటు దాని మీద జరిగిన చర్చను కూడా సొసైటీ పత్రిక అచ్చు వేయడం వల్లే. రెండు, పత్రాలను కలిపి పత్రికకు ప్రత్యేక సంచికగా ఇవ్వడం. ప్రతిపాదన పాఠమే కొంత పెరిగి ఆ సంచికకు పీఠిక అవుతుంది. ప్రశ్న మొదట్లో ఎంత స్పష్టంగా ఉంటే పీఠిక అంత తేలిగ్గా కుదురుతుంది. వదులుగా ఉన్న సెషన్ నుంచి సంచిక రాదు. మూడు, పరిధి బయట ఉంచిన పత్రాల జాబితాను దాచుకోవడం. తర్వాతి ఏడాది సెషన్‌కు ప్రశ్న చాలాసార్లు అందులోనే దొరుకుతుంది.

జోన్స్ లెక్కలో నిర్వహణ దశకు ముగింపు లేదు. రాయి పడిపోతే నిలబెట్టాలి, తప్పుగా పడిందని తేలితే సరిచూడాలి. సెషన్ విషయంలో ఆ సరిచూపు పత్రాలు ఎవరి గురించి రాశారో వారి దగ్గరికి వెళ్లినప్పుడు జరుగుతుంది. భద్రాచలం పత్రం తెలుగులోనూ, కొటియా పత్రం ఆ కొండల్లో అర్థమయ్యే మాటల్లోనూ నాలుగు పేజీలుగా తిరిగి ఊరికి చేరితే, పటంలో తప్పు పడిన వాగును, పేరు తారుమారైన ఊరిని మొదట పట్టుకునేది అక్కడివారే. ఆ దిద్దుబాట్లు పత్రంలోకి ఎక్కాకే సెషన్ పని పూర్తయినట్టు.